గ్లైడర్ టో పైలట్ అవ్వాలంటే 110 గంటలు సరిపోతాయా?

మీకు ప్రైవేట్ పైలట్ లైసెన్స్ ఉంది, మొత్తం 110 గంటలయ్యాయి, ఊరి దగ్గరి గ్లైడర్ క్లబ్‌లో టో పైలట్‌గా, అంటే ఇంజిన్ లేని గ్లైడర్లను విమానానికి తాడు కట్టి పైకి లాగే పైలట్‌గా, తీసుకుంటారా, డబ్బులిస్తారా అని అడిగారు. నేను మీలాగే టెక్సస్‌లోనే ఉంటాను. ఒక చిన్న క్లబ్‌లో నాలుగేళ్లుగా వారాంతాల్లో గ్లైడర్లు లాగుతున్నాను.

ముందు లాగ్‌బుక్ తీసి చూడండి. ఎఫ్ఏఏ (అమెరికా విమానయాన సంస్థ) రూలు 61.69 అడిగేది పైలట్ ఇన్ కమాండ్‌గా, అంటే విమానం బాధ్యత మీదే అయి ఎగిరినవి, 100 గంటలు. లైసెన్స్ రాకముందు ఇన్‌స్ట్రక్టర్‌తో ఎగిరినవి అందులోకి రావు కాబట్టి మీకు ఇంకా కొన్ని గంటలు తక్కువ పడతాయనుకుంటా. అది నిండాక టోయింగ్ శిక్షణ, ఎండార్స్‌మెంట్ (శిక్షణ అయిందని లాగ్‌బుక్‌లో ఇన్‌స్ట్రక్టర్ సంతకం), అనుభవమున్న టో పైలట్‌ని వెంట పెట్టుకుని కనీసం మూడు టోలు. తోక చక్రం విమానమైతే దానికి ఇంకో ఎండార్స్‌మెంట్. ఇన్సూరెన్స్ వాళ్లు ఇంకాస్త ఎక్కువ గంటలు అడగొచ్చు, మా దగ్గర అడిగారు.

డబ్బులా? మా క్లబ్‌లో ఇవ్వరు. గంటలు మాత్రం మీవే, పెట్రోలు ఖర్చు లేకుండా. కాకపోతే ఒక్కో టో పది పన్నెండు నిమిషాలే. రోజంతా ఎండలో మాడినా రెండు గంటలు రావడం గగనం. గంటల కోసమే అయితే రావద్దంటాను.

మాది పైపర్ పానీ. పొలాలకు మందు కొట్టడానికి చేసిన విమానం, 235 హార్స్‌పవర్, ఒక్కటే సీటు. అందుకే నా మొదటి మూడు టోలూ వేరే రెండు సీట్ల విమానంలో చేయించారు. పానీ మొదటిసారి ఎక్కినప్పుడు చెప్పేవాళ్లెవరూ పక్కన లేరు.

నేను చేసిన తప్పు, గ్లైడర్‌లో ఒక్కసారి కూడా కూర్చోకుండా టో మొదలెట్టడం. రెండో వారమో మూడో వారమో, వెనక ఒక కొత్త స్టూడెంట్. దాదాపు 1,500 అడుగుల దగ్గర ముక్కు కిందికి దిగడం మొదలైంది. స్టిక్ వెనక్కి లాగాను, ఇంకా లాగాను, అయినా దిగుతూనే ఉంది. అద్దంలో చూస్తే గ్లైడర్ లేదు. 200 అడుగుల తాడు చివర గాలిపటంలా పైకి లేచి నా తోకను ఎత్తేస్తోంది. చెయ్యి తాడు వదిలేసే రిలీజ్ పిడి మీదికి వెళ్లింది. అంతలో వెనకున్న ఇన్‌స్ట్రక్టర్ సర్దుకుని కిందికి తెచ్చాడు. అదే 300 అడుగుల దగ్గరైతే ఆలోచించే టైము కూడా ఉండదు. ఆ సాయంత్రమే గ్లైడర్ పాఠాలకు పేరిచ్చాను. వెనక కూర్చుంటే తెలిసింది, నేను థర్మల్ (పైకి లేచే వేడిగాలి) దొరికిందని గబుక్కున వంచిన ప్రతి మలుపూ వాళ్లకెంత కష్టమో.

ఇంకోటి. గ్లైడర్ తాడు వదిలాక వాళ్లు కుడికి, మనం ఎడమకి తిరుగుతాం. కుదుపు తెలిసింది కదా అని తిరగకండి, అద్దంలో గ్లైడర్ విడిపోవడం కళ్లారా చూడండి. తర్వాత థ్రాటిల్ ఒక్కసారిగా మూసేస్తే మా మెకానిక్ తిట్లు తప్పవు, వేడి సిలిండర్లు ఉన్నట్టుండి చల్లబడకూడదంటాడు. కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ దిగాలి.

శనివారం పొద్దున్నే వెళ్లి కనపడండి. మొదటి రోజు విమానం ఇవ్వరు, గ్లైడర్ బయల్దేరేటప్పుడు దాని రెక్క పట్టుకుని పరుగెత్తమంటారు. నీళ్ల సీసా తీసుకెళ్లండి.