ఏది ముందు, ఏది వెనక: పాఠకుల ప్రశ్నలు, మాస్టారి జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో నాలుగు ఒకే విషయం చుట్టూ తిరిగాయి. చేతిలో పది సమస్యలున్నప్పుడు దేన్ని ముందు పట్టుకోవాలి, దానికి లెక్కల పద్ధతులు ఏమైనా సాయపడతాయా అని. అందుకని మిగతా ఉత్తరాలు వచ్చే నెలకి వాయిదా వేసి ఈ నాలుగే తీసుకుంటున్నాను.

ప్రశ్న: మాస్టారూ, మాది పలాస. ఇంజనీరింగ్ అయ్యాక ముగ్గురం ఊళ్ళోనే ఉండిపోయి జీడి యూనిట్లకి సాఫ్ట్‌వేర్ రాస్తున్నాం. పిక్కల కొనుగోలు, గ్రేడింగ్, స్టాకు, కూలీల లెక్క అన్నీ ఒకచోట ఉండాలని. ఆరు నెలల్లో అవుతుందనుకున్నది ఏడాది దాటింది. యజమాని వారానికో కొత్త మాట చెప్తారు. టెస్టింగ్‌కి మనిషి లేడు. మాలో ఒకడు విశాఖలో ఉద్యోగం దొరికితే వెళ్ళిపోతానంటున్నాడు. కరెంటు, నెట్, ఇంకా చాలా ఉన్నాయి. సమస్యలకి మార్కులు వేసి ఏది ముందో తేల్చే పద్ధతి ఒకటి ఉందని వీడియోలో చూశాం. నిజంగా పనికొస్తుందా? (పలాస పాఠకుడు)

జవాబు: పనికొస్తుంది, మీరు అనుకుంటున్న పనికి మాత్రం కాదు. ముందు పద్ధతి చెప్తాను. దీన్ని అనలిటిక్ హైరార్కీ ప్రాసెస్ అంటారు, పొట్టిగా ఏహెచ్‌పీ. థామస్ సాటీ అనే గణిత శాస్త్రవేత్త 1970లలో తయారుచేశాడు. పది సమస్యలకీ ఒకేసారి మార్కులు వెయ్యమంటే మనిషి తడబడతాడు, రెండు చూపించి ఈ రెండిట్లో ఏది పెద్దది, ఎంత పెద్దది అంటే బాగానే చెప్తాడు, కిటుకంతా ఇదే. రెండూ సమానమైతే 1, ఒకటి కొంచెం ఎక్కువైతే 3, గట్టిగా ఎక్కువైతే 5, అలా 9 దాకా. మధ్యలో 2, 4 కూడా వేసుకోవచ్చు.

మీ ఉత్తరంలోవే మూడు తీసుకుందాం. యజమాని మాట మారడం టెస్టింగ్ లోటు కంటే 3, మనిషి వెళ్ళిపోవడం కంటే 5, టెస్టింగ్ లోటు మనిషి వెళ్ళిపోవడం కంటే 2 అన్నారనుకోండి. మొదటిదాని వరసలో 1, 3, 5. రెండోదాని వరసలో మూడింట ఒకటి, 1, 2. మూడోదానికి అయిదింట ఒకటి, సగం, 1. ఒక్కో వరసలోని మూడు అంకెల్నీ గుణించి ఘనమూలం తీసి, వచ్చిన మూడింటినీ వాటి మొత్తంతో భాగిస్తే సుమారుగా 65 శాతం, 23 శాతం, 12 శాతం వస్తాయి. ఫోన్‌లో కాలిక్యులేటర్ చాలు, దీనికి ఎవరికీ డబ్బులు కట్టక్కర్లేదు.

సరే, 65 శాతం వచ్చింది. ఇప్పుడేం చేస్తారు? యజమాని దగ్గరకెళ్ళి ఇక మాట మార్చకండి అంటారా? ఇక్కడే చాలామంది ఆగిపోతారు. ఆ అంకె వేసింది మీరు ముగ్గురే. తూకం వేసే మనిషిని అడగలేదు, పప్పు గ్రేడు చేసే ఆడవాళ్ళని అడగలేదు. వాళ్ళని కూర్చోబెట్టి అడిగితే వారానికో కొత్త మాట అని మీరంటున్నది కొత్తదే కాదని తేలవచ్చు. జీడి లెక్క మీకు నేను చెప్పక్కర్లేదు గానీ ఒక్కసారి చూడండి. పిక్కలు 80 కిలోల బస్తాల్లో కొంటారు. పప్పు గ్రేడేమో పౌనుకి ఎన్ని గింజలన్న దాన్ని బట్టి: డబ్ల్యూ 320 అంటే పౌనుకి 300 నుంచి 320 గుండ్లు (విరగని పప్పులు), డబ్ల్యూ 240 అంటే 220 నుంచి 240. బయటి నుంచి పిక్కలు తెప్పించే వ్యాపారి 80 కిలోల బస్తాకి ఎన్ని పౌన్ల పప్పు దిగుతుందని చూస్తాడు. అమ్మేటప్పుడు మళ్ళీ కిలోలు, టిన్నులు. ఇన్ని కొలతలు యజమాని బుర్రలో చిన్నప్పటి నుంచీ ఉన్నాయి, ఎవరూ అడగలేదు కాబట్టి ఆయన చెప్పలేదు, మీ స్క్రీన్ మీద తప్పు లెక్క కనపడ్డ రోజున చెప్తాడు. దాన్ని మీరు మాట మార్చడం అంటున్నారు.

నా అనుభవం ఒకటి. చాలా ఏళ్ళ క్రితం విజయనగరం దగ్గర ఒక మిల్లుకి స్టాకు ప్రోగ్రామ్ రాశాను. రెండు నెలలు పోరాడాక తెలిసింది, వాళ్ళ గుమస్తా రోజు లెక్క సాయంత్రం ఆరింటికి మూసేస్తాడు, నేనేమో అర్ధరాత్రికి మూశాను. రోజూ తేడా. మిల్లుకొచ్చిన మొదటి రోజునే ఆయన పక్కన ఒక పూట కూర్చుని ఉంటే అయిపోయేది. ‘మరేటి బాబూ, ఈ మాత్రం తెల్దా’ అన్నాడాయన, ఇప్పటికీ చెవుల్లో ఉంది.

1994లో అమెరికాలో స్టాండిష్ గ్రూప్ అనే సంస్థ సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుల మీద ఒక నివేదిక ఇచ్చింది. అనుకున్న టైముకి, అనుకున్న ఖర్చులో పూర్తయినవి 16.2 శాతమేనంది. ఆ లెక్కగట్టిన తీరుని తర్వాత పరిశోధకులు గట్టిగానే తప్పుబట్టారు, కాబట్టి ఆ శాతాన్ని నేను నెత్తిన పెట్టుకోను. కానీ ప్రాజెక్టులు గట్టెక్కడానికి కారణాల్లో వాళ్ళ జాబితాలో మొదటిది వాడేవాళ్ళని పనిలో కలుపుకోవడం. అది మాత్రం నేను చూసిన ప్రతి చోటా నిజమే అయింది.

ఇంకో సంగతి. మీ మూడు సమస్యలూ వేరువేరు కావు. కొలతలు ముందే అడగకపోవడం వల్ల రాసిందే మళ్ళీ రాస్తున్నారు, అందువల్ల టెస్ట్ చేసే తీరిక లేదు, అర్ధరాత్రి దాకా తప్పులు దిద్దడంతో మీ స్నేహితుడు విసిగి విశాఖ వైపు చూస్తున్నాడు. ఏహెచ్‌పీ ఈ సంబంధాన్ని చూడదు, ప్రతిదాన్నీ విడిగా తూస్తుంది. దేనివల్ల ఏది వస్తోందో తూచడానికి డిమాటెల్ అని వేరే పద్ధతి ఉంది, అదీ 1970లలో జెనీవాలో పుట్టింది. మీకు అంత అక్కర్లేదు. ఒక తెల్లకాగితం మీద సమస్యలన్నీ రాసి, దేనివల్ల ఏదో బాణాలు గియ్యండి. ఎక్కువ బాణాలు ఎక్కడి నుంచి బయల్దేరుతున్నాయో అదే ముందు. ఎక్కువ బాణాలు వచ్చి గుచ్చుకుంటున్న చోటు ఎంత పెద్దగా కనపడినా దాన్ని నేరుగా పట్టుకుంటే తెగదు.

వెళ్ళిపోతాడన్న భయంతో కొత్తగా ఇద్దరిని తీసుకుందామని మాత్రం అనుకోకండి. ఆలస్యమైన ప్రాజెక్టులో మనుషుల్ని కలిపితే అది ఇంకా ఆలస్యమవుతుందని ఫ్రెడ్ బ్రూక్స్ 1975లోనే రాశాడు, ఐబీఎంలో అంత పెద్ద ఆపరేటింగ్ సిస్టమ్ పని నడిపి చేతులు కాల్చుకున్న మనిషి. కొత్తవాళ్ళకి జీడి లెక్క నేర్పేదెవరు? మీ ముగ్గురే కదా. కరెంటు, నెట్ సంగతికి మార్కులు కూడా దండగ, ఒక ఇన్వర్టర్ కొని, నెట్ లేనప్పుడు కూడా ఎంట్రీ పడేలా రాసుకోండి.

ప్రశ్న: సార్, నేను విజయనగరంలో ఎం.టెక్ చేస్తున్నాను. ఎజైల్ (పనిని చిన్న ముక్కలుగా చేసి, మధ్యమధ్యలో చూపిస్తూ పోయే తీరు) ప్రాజెక్టుల్లో సవాళ్ళ మీద ప్రాజెక్టు. పాత పేపర్లు చదివి 21 సవాళ్ళు ఏరాను, ఫజీ ఏహెచ్‌పీతో (ఒక్క అంకెకి బదులు ఇంత నుంచి ఇంత అని వేసే ఏహెచ్‌పీ) ర్యాంకులు ఇవ్వాలి. 12 మంది నిపుణులకి ఫారం పంపితే నలుగురే నింపారు. వాళ్ళలో కూడా ఒకరి పొంతన నిష్పత్తి (మార్కులు ఒకదానికొకటి ఎంత పొసగలేదో చూపే అంకె) 0.22 వచ్చింది, 0.10 లోపు ఉండాలంటారు. ఒకటి రెండు అంకెలు నేనే సర్దుకోవచ్చా? టెన్షన్‌గా ఉంది. (విద్యార్థిని, విజయనగరం)

జవాబు: సర్దకూడదమ్మా. సర్దితే అవి నిపుణుడి మార్కులు కావు, నీ మార్కులు. అయినా తప్పు ఆయనది కాదు, ఫారందే. 21 అంశాల్ని జతలు జతలుగా పోలిస్తే 21 ఇంటూ 20 బై 2, అంటే 210 ప్రశ్నలు. ఆఫీసు అయ్యాక ఇంటికొచ్చి 210 ప్రశ్నలు నింపిన ఆ నలుగురికీ దండం పెట్టాలి. నలభయ్యో ప్రశ్న దాటాక ఎవరైనా 3, 5, 3, 5 అని వేసుకుంటూ పోతారు. సవాళ్ళని నాలుగు గుంపులు చెయ్యి: మనుషులు, అవసరాలు (సాఫ్ట్‌వేర్ ఏం చెయ్యాలన్నది), సాంకేతికం, యాజమాన్యం అనుకో. మూడు గుంపుల్లో అయిదేసి, ఒకదాంట్లో ఆరు. గుంపుల లోపల 10, 10, 10, 15, గుంపుల మధ్య 6, మొత్తం 51 ప్రశ్నలు. ఇంకా తగ్గాలంటే జాఫర్ రెజాయీ 2015లో చెప్పిన పద్ధతి చూడు. అన్నిట్లో ముఖ్యమైనదీ అన్నిట్లో తక్కువదీ ముందే ఎంచుకుని మిగతావాటిని ఆ రెండింటితోనే పోలుస్తారు, అయిదు అంశాలకి పదికి బదులు ఏడు పోలికలు చాలు.

0.22 సంగతికి వద్దాం. అదేదో పెద్ద నేరం అనుకోకు. ఒకాయన టెస్టింగ్ కంటే అవసరాలు 3 అన్నాడనుకో, శిక్షణ కంటే టెస్టింగ్ 3 అన్నాడనుకో. లెక్క ప్రకారం అవసరాలు శిక్షణ కంటే 9 కావాలి. ఆయన 5 వేసినా నిష్పత్తి 0.03 దగ్గరే ఉంటుంది, ఏ గొడవా లేదు. 2 వేశాడనుకో, ఈ మూడింటితోనే 0.22 అయిపోతుంది. ఇలా తేడా కొట్టిన మూడేసి అంశాల్ని వెతికి పట్టుకుని, ఫోన్ చేసి, ‘సార్, ఇక్కడ ఇలా అన్నారు, అక్కడ అలా అన్నారు, మీ ఉద్దేశం ఏమిటి’ అని అడుగు. ఆయన మార్చుకుంటే మార్చుకుంటాడు, లేదంటే ఎందుకో చెప్తాడు. ఆ చెప్పే కారణం నీ పుస్తకంలో అన్నిటికంటే మంచి పేజీ అవుతుందని నా నమ్మకం.

ఇంకో రెండు చిన్న విషయాలు. నీ జాబితాలో అస్పష్టమైన అవసరాలు సవాలుగానూ, స్పష్టమైన అవసరాలు విజయ కారణంగానూ రెండు చోట్లా ఉన్నాయేమో చూసుకో. ఒకే నాణేన్ని బొమ్మా బొరుసూ వేరువేరుగా లెక్కపెట్టినట్టవుతుంది, చాలా పేపర్లలో ఈ పొరపాటు ఉంది. రెండోది ఫజీ. లోట్ఫీ జాదే 1965లో ఇచ్చిన ఆలోచన మంచిదే, 3 అనే బదులు 2 నుంచి 4 మధ్యలో ఎక్కడో అని రాయడం. కానీ ఛాంగ్ 1996లో చెప్పిన లెక్క వాడుతుంటే కొన్ని అంశాలకి వెయిటేజీ సున్నా వస్తుంది, అది చూసి ఆ సవాలుకి విలువే లేదని రాసెయ్యకు, అది ఆ లెక్కలో ఉన్న ఇబ్బంది. వైవాలో ఎవరైనా ఫజీ ఎందుకు వాడావని అడిగితే అందరూ వాడుతున్నారు అనకు. సాటీయే 2007లో ఇంకొకరితో కలిసి ఏహెచ్‌పీ మార్కుల్ని ఫజీ చెయ్యడం సరికాదని పేపర్ రాశాడు, అది చదివి వెళ్ళు.

ప్రశ్న: నమస్తే అండీ. మాది శ్రీకాకుళం, ఇంటి నుంచే ఒక కంపెనీకి టెస్టర్‌గా చేస్తున్నాను. మా టీమ్‌లో ఇలాగే రిస్కులకి మార్కులు వేయించారు. వీడియో మీటింగ్‌లో లీడ్ ముందు తన మార్కు చెప్పారు, తర్వాత అందరం దాదాపు అదే చెప్పాం. నా లెక్కలో టెస్టింగ్‌కి టైము లేకపోవడమే పెద్ద రిస్కు, అది అయిదోదిగా వచ్చింది. ఇందులో న్యాయం ఏముంది? (ఒక సోదరి)

జవాబు: లీడ్ ముందు నోరు విప్పాక మిగతా మార్కులకి విలువ లేదు తల్లీ, అది ఒక్కరి మార్కునే అందరూ మళ్ళీ మళ్ళీ రాసుకోవడం. ఈసారి ముందు ఎవరికి వాళ్ళు విడిగా వేసి పంపేలా అడగండి. అడగడానికి మొహమాటమైతే పద్ధతి పేరు అడ్డం పెట్టుకోండి, రూల్స్ ప్రకారం అలాగే చెయ్యాలట సార్ అంటే ఎవరూ నొచ్చుకోరు.

మార్కులు కలిపేటప్పుడు కూడా చూడండి. మీరు గడువు కంటే టెస్టింగే 7 అన్నారనుకోండి, ఇంకొకరు టెస్టింగ్ కంటే గడువే 7 అన్నారనుకోండి, అంటే టెస్టింగ్ వైపు నుంచి ఏడింట ఒకటి. మామూలు సగటు తీస్తే 3.57 వస్తుంది, టెస్టింగే గెలిచినట్టు! అదే రెండూ గుణించి వర్గమూలం తీస్తే 1, ఇద్దరూ సమానం. ఏహెచ్‌పీలో గుణోత్తర సగటే వాడాలనేది అందుకే. మామూలు సగటు మీ పక్షాన వచ్చినా ఒప్పుకోకండి, రేపు అదే మీకు ఎదురు తిరుగుతుంది. నన్నడిగితే ఆ 1 కూడా మోసమే. ఇద్దరు ఇంత ఎడంగా ఉన్నప్పుడు సగటు తియ్యడం మానేసి వాళ్ళిద్దర్నీ పది నిమిషాలు మాట్లాడుకోనివ్వాలి. పోయిన రిలీజులో మీరు ఎన్ని తప్పులు పట్టారు, టైము చాలక వదిలేసినవాటిలో కస్టమర్ దగ్గర ఎన్ని బయటపడ్డాయి, ఆ రెండు అంకెలు చేతిలో పెట్టుకుని మాట్లాడండి.

ప్రశ్న: అయ్యా, రాజాం నుంచి. మా అబ్బాయి సాఫ్ట్‌వేర్. వాళ్ళ చెల్లెలికి వచ్చిన మూడు సంబంధాలకీ మీరు చెప్పే ఈ ఏహెచ్‌పీ ఏదో ఎక్సెల్‌లో వేశాడు. ఉద్యోగం, కుటుంబం, దూరం, గుణం అని. పాలకొండ సంబంధం మొదట, బొబ్బిలిది రెండు. మూడోవాళ్ళు తప్పుకున్నారు. ఆ వరస తీసేస్తే బొబ్బిలి పైకొచ్చి పాలకొండ కిందకి పోయింది! మిగతా అంకెలేవీ ముట్టుకోలేదంటాడు. కంప్యూటర్ తప్పా, వాడి తప్పా? (ఒక తండ్రి)

జవాబు: ఇద్దరి తప్పూ కాదండీ. ఈ పద్ధతికి ఉన్న పేరుమోసిన లోపమే అది, బెల్టన్, గియర్ అనే ఇద్దరు 1983లో చూపించారు. ప్రతి విషయంలోనూ ఉన్నవాళ్ళ మార్కుల మొత్తం ఒకటయ్యేలా పంచుతారు, ఒకరు తప్పుకుంటే వాళ్ళ వాటా మిగిలినవాళ్ళకి ఉద్యోగంలో ఒకలా, దూరంలో ఒకలా పడుతుంది, వరస తిరగబడవచ్చు. సాఫ్ట్‌వేర్ కొనేటప్పుడు కంపెనీల మధ్య కూడా ఇదే జరుగుతుంది. అందుకే గెలవని కొటేషన్‌ని కావాలని పోటీలో పెట్టే తెలివైనవాళ్ళూ ఉంటారు. మీ అబ్బాయిని మొత్తం ఒకటి చేసే బదులు ప్రతి విషయంలోనూ అందరికంటే బాగున్నదాన్ని ఒకటిగా పెట్టి చూడమనండి, తిరగబడడం కొంత తగ్గుతుంది, పూర్తిగా పోదు.

దీనికంటే ముందు నాకొక సందేహం. ఉద్యోగానికి ఎంత, గుణానికి ఎంత, దూరానికి ఎంత అని వెయిటేజీలు వేసింది మీ అబ్బాయా, మీరా, అమ్మాయా? ఉత్తరంలో ఆ ముక్క రాయలేదు.