సెకండ్ హ్యాండ్ పికప్‌కు కొత్త టైర్లు: మిర్యాలగూడ తమ్ముడికి జవాబు

"అన్నా, మాది మిర్యాలగూడ దగ్గర. డాలస్‌లో ఉద్యోగం. ఈమధ్యే ఒక సెకండ్ హ్యాండ్ ఫోర్డ్ ఎఫ్-150 పికప్ కొన్నాను. మామూలు రోజుల్లో ఆఫీసుకు, ఇంటికి. బతుకమ్మ, వనభోజనాలు వచ్చినప్పుడు మాత్రం మన సంఘం సామాను ట్రైలర్ నేనే లాగుతాను. టైర్లు నున్నగా అయిపోయాయి. ఒక షాపులో పది ప్లై టైర్లు వేసుకో, ఇక చూసుకోనక్కర్లేదన్నారు. ఇంకో షాపులో సగం ధరకే వాడిన టైర్లు ఉన్నాయన్నారు. నాన్న లారీ మనిషి. గట్టి టైరు వేయించి గాలి నిండుగా కొట్టించు అంటున్నాడు. ఎవరి మాట వినాలి?"

తమ్ముడూ, ముందు నాన్న మాటతో మొదలుపెడతాను. మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో లోడు ఎత్తుకుని, నల్లగొండ మీదుగా నార్కట్‌పల్లి చేరి, హైదరాబాద్ రోడ్డెక్కే బండ్లను చూసుకున్న మనిషి ఆయన. లారీ విషయంలో ఆయన చెప్పేది నూటికి నూరు పాళ్లు నిజం. లారీకి లోడు ఉంటేనే బతుకు, దాని టైరు కూడా ఆ బరువు కోసమే పుట్టింది. నీ పికప్ వారంలో ఐదు రోజులు ఖాళీ తొట్టితో తిరుగుతుంది. ఖాళీ బండికి గాలి మరీ నిండుగా కొడితే టైరు నడుమ భాగం ఒక్కటే రోడ్డుకు ఆనుతుంది. నడుమ ముందే అరిగిపోయి, అంచులు కొత్తగా ఉండగానే టైరు మార్చాల్సి వస్తుంది. వానలో బ్రేక్ వేస్తే బండి జారుతుంది కూడా. కాబట్టి ఎక్కువ కాలం మన్నే టైరు ఏది అని షాపువాణ్ని అడిగే ముందు, నా బండి ఎంత మోస్తుంది అని నువ్వు తెలుసుకోవాలి. మన్నిక అక్కడే తేలిపోతుంది. బ్రాండు సంగతి తర్వాత.

డ్రైవర్ డోర్ తెరిచి, డోర్ ఆనుకునే పిల్లర్ మీద చూడు. టైరు బొమ్మ ఉన్న స్టిక్కర్ ఒకటి ఉంటుంది. కంపెనీ వేసిన టైరు సైజు, చల్లగా ఉన్నప్పుడు ముందు చక్రాలకెంత, వెనక చక్రాలకెంత గాలి ఉండాలో అందులో ఉంటుంది. అన్నిటికంటే ముఖ్యం, మనుషులు, సామాను కలిపి ఎన్ని పౌండ్లు మించకూడదో కూడా రాసి ఉంటుంది. నీ బండి స్టిక్కర్ మీద 1,600 అని ఉందనుకో. ఐదుగురు మగవాళ్లు ఎక్కితే 850 దాకా అక్కడే పోతుంది. 5,000 పౌండ్ల ట్రైలర్ తగిలిస్తే దాని బరువులో 10 నుంచి 15 శాతం, అంటే 500 నుంచి 750 పౌండ్లు, హిచ్ మీద, అంటే ట్రైలర్ తగిలించే కొక్కెం మీద పడతాయి. అవి కూడా బండి మోసే బరువే. ఇక వెనక తొట్టిలో రెండు గంజులు, ఒక గ్యాస్ సిలిండర్ పెట్టినా లెక్క దాటుతుంది. ట్రైలర్ బరువు దాని చక్రాలే మోస్తాయి కదా అని మనోళ్లు చాలామంది ఈ హిచ్ బరువును లెక్కలోకే తీసుకోరు. నువ్వు తీసుకో.

ఇప్పుడు టైరు పక్కన కూర్చుని సైడ్‌వాల్, అంటే టైరు పక్క గోడ మీద రాసింది చదువు. ఎఫ్-150లో తరచూ కనిపించే సైజు పీ265/70ఆర్17, దాని పక్కన 115టి అని ఉంటుంది. 265 అంటే మిల్లీమీటర్లలో వెడల్పు, 70 అంటే వెడల్పులో సైడ్‌వాల్ ఎత్తు శాతం, 17 అంటే అంగుళాల్లో రిమ్ము. టి అంటే గంటకు 118 మైళ్ల వేగం దాకా తట్టుకుంటుందని. వీటి మీద ఎక్కువ ఆలోచించకు, స్టిక్కర్ మీద ఉన్న సైజే తీసుకో. నీకు పనికొచ్చేవి రెండు: మొదట్లో ఉన్న పీ, చివర్లో ఉన్న 115.

115 అనేది లోడ్ ఇండెక్స్. అంటే ఒక్కో టైరు 1,215 కిలోలు మోయగలదు. కానీ పీ టైరు కార్ల కోసం చేసింది. దాన్ని పికప్‌కు వేసినప్పుడు ఆ అంకెను 1.1తో భాగించి చూడాలని నియమం. అప్పుడు మిగిలేది 1,104 కిలోలు. షాపాయన చెప్పిన పది ప్లై టైరు మీద ఎల్‌టీ265/70ఆర్17, లోడ్ రేంజ్ ఈ, 121 అని ఉంటుంది. ఎల్‌టీ అంటే లైట్ ట్రక్. 121 అంటే 1,450 కిలోలు. దానిలో నిజంగా పది పొరలు ఉండవు, బలం ఆ స్థాయిదని చెప్పడానికి పాత పేరే నడుస్తోంది.

అంకె పెద్దది కదా, అదే వేసుకుంటే పోలా అనిపిస్తుంది. అక్కడే ఒక మెలిక ఉంది. ఆ 1,450 కిలోలు టైరులో 80 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) గాలి ఉన్నప్పటి మాట. స్టిక్కర్ మీద 35 ఉంది కదా అని ఎల్‌టీ టైరుకూ 35 కొట్టిస్తే, అది పాత పీ టైరు కంటే తక్కువ బరువు మోస్తుంది. ఈ సైజులో పీ టైరు మోసే 1,104 కిలోలు మోయాలంటేనే ఎల్‌టీకి దాదాపు 50 కావాలి. ఖరీదైన పది ప్లై టైర్లు వేయించుకుని, పాత అలవాటు చొప్పున 35 కొట్టించుకుని, ఆ మీద ట్రైలర్ లాగేవాళ్లను నేను ఇక్కడ చూస్తూనే ఉన్నాను. టైరు మార్చాక ఎంత గాలి ఉండాలో షాపులో బరువు-గాలి పట్టిక చూపించమని అడుగు. మంచి షాపైతే తీసి చూపిస్తారు. చూపించలేని చోట ఎల్‌టీ టైరు కొనకు.

గాలి తక్కువైతే ఏమవుతుందో తెలిస్తే ఈ జాగ్రత్త దానంతట అదే వస్తుంది. బరువు కింద సైడ్‌వాల్ ప్రతి చుట్టుకూ వంగి లేస్తుంది. ఆ వంపుకే లోపల వేడి పుడుతుంది. మే నెలలో నల్లగొండ రోడ్డు ఎట్లా కాలుతుందో ఆగస్టులో టెక్సస్ హైవే అట్లాగే కాలుతుంది, వేగం మాత్రం ఇక్కడ ఎక్కువ. ఆస్టిన్ నుంచి శాన్ ఆంటోనియో వైపు వెళ్లే 130 నంబరు రోడ్డులో కొంత దూరం 85 మైళ్ల వేగం చట్టబద్ధమే. ఆ వేడికి రబ్బరు, ఉక్కు తీగల పొరలు ఒకదాన్నొకటి వదిలేస్తాయి, ట్రెడ్, అంటే రోడ్డుకు ఆనే గాళ్ల పొర, మొత్తం తొక్కలా ఊడి వస్తుంది. 2000లో ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్లకు ఉన్న ఫైర్‌స్టోన్ టైర్లు ఇలాగే ఊడి ఎందరో చనిపోయారు. లక్షల టైర్లను వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. ఆ తర్వాత వచ్చిన చట్టం వల్లే 2008 మోడల్ నుంచి కొత్త కార్లకు, పికప్‌లకు గాలి తగ్గితే వెలిగే లైటు తప్పనిసరైంది. అయితే ఆ లైటు 25 శాతం తగ్గాకే వెలుగుతుంది. 35 ఉండాల్సింది 26కు దిగేదాకా నీకు తెలియదు. నెలకోసారి పొద్దున్నే, బండి కదలకముందు నీ సొంత గేజితో చూసుకో. చలికి ఉష్ణోగ్రత 10 డిగ్రీల ఫారెన్‌హీట్ పడిపోతే గాలి సుమారు ఒక పీఎస్ఐ తగ్గుతుంది. అందుకే డిసెంబరులో తెల్లారేసరికి అందరి బండ్లలో ఆ లైటు వెలుగుతుంది.

నువ్వు చెప్పినదాన్ని బట్టి నా సలహా ఇది. సంఘం ట్రైలర్ బరువు 3,000 పౌండ్ల లోపు ఉండి, ఏడాదికి నాలుగైదు సార్లే లాగేటట్టయితే, కంపెనీ ఇచ్చిన సైజులో, అంతే లోడ్ ఇండెక్స్ లేదా అంతకంటే ఎక్కువ ఉన్న మంచి ఆల్ సీజన్ హైవే టైరు వేసుకో. మెత్తగా నడుస్తుంది, మైలేజీ పడిపోదు, ఎక్కువ కాలం వస్తుంది. నెల నెలా బరువు లాగే పని పడితే, లేదా రాళ్లు తేలిన గ్రావెల్ దారిలో రోజూ తిరగాల్సి వస్తే అప్పుడు ఎల్‌టీ తీసుకో, గాలి లెక్క మార్చుకో. ఆ టైరు బరువుకు, గట్టి కుదుపులకు, తగ్గే మైలేజీకి ముందే సిద్ధపడు. పెద్ద పెద్ద బటన్ల మడ్ టైర్లు మాత్రం చూడ్డానికి ఎంత బాగున్నా వద్దు. తారు రోడ్డు మీద తొందరగా అరుగుతాయి, హోరు పెడతాయి, తడి రోడ్డు మీద పట్టు తక్కువ.

మంచు పడే మిన్నెసోటా, మిషిగన్ వైపు ఉన్నవాళ్లకు ఒక్క మాట. సైడ్‌వాల్ మీద ఎం+ఎస్ (బురద, మంచు) అని ఉంటే సరిపోదు, మూడు శిఖరాల కొండ, అందులో మంచు పువ్వు గుర్తు ఉండాలి. మంచులో పరీక్ష నెగ్గిన టైరుకే ఆ గుర్తు ఇస్తారు.

మన్నికను అంకెల్లో చూడాలంటే రెండు దారులున్నాయి. పీ టైరు మీద ట్రెడ్‌వేర్ అని 400, 600 లాంటి అంకె ఉంటుంది. దీని పరీక్ష మన టెక్సస్‌లోనే, శాన్ యాంజెలో దగ్గర 400 మైళ్ల చుట్టు దారిలో జరుగుతుంది. 7,200 మైళ్లు నడిపి, 100 అంకె ఉన్న ప్రామాణిక టైరుతో పోల్చి చూస్తారు. ఆ తర్వాత అంకె వేసేది మాత్రం టైరు కంపెనీయే. అందుకని ఒకే కంపెనీ టైర్ల మధ్య పోల్చడానికి అది బాగా పనికొస్తుంది, రెండు కంపెనీల మధ్య అంతగా నమ్మలేం. ఎల్‌టీ టైర్లకు ఈ అంకె ఉండదు. అక్కడ మైలేజీ వారంటీ చూడాలి. 60,000 మైళ్లు అంటే మన లెక్కలో 96,000 కిలోమీటర్ల పైమాటే. నాలుగు టైర్లు 1,000 డాలర్లకు కొని 60,000 మైళ్లు నడిపితే మైలుకు 1.7 సెంట్లు పడుతుంది. 600 డాలర్లవి 30,000కే అరిగిపోతే మైలుకు 2 సెంట్లు, పైగా ఫిట్టింగ్ ఖర్చు రెండోసారి. చవక టైరు చవక కాదని ఇక్కడ తెలుస్తుంది.

బ్రాండు అడుగుతావు కాబట్టి చెబుతున్నా. హైవే వాడకానికి మిషెలిన్ డిఫెండర్ ఎల్‌టీఎక్స్‌కు మంచి పేరుంది, వారంటీ 70,000 మైళ్ల దాకా ఇస్తారు. కంకర దారులుంటే ఫాల్కెన్ వైల్డ్‌పీక్, బీఎఫ్ గుడ్‌రిచ్ ఆల్ టెర్రెయిన్ చూడు. మనకు ఊళ్లో తెలిసిన అపోలో కంపెనీ 2009లో నెదర్లాండ్స్‌కు చెందిన వ్రెడెస్టైన్‌ను కొన్నది. ఆ పేరుతో ఇక్కడ పికప్ టైర్లు దొరుకుతాయి.

వాడిన టైర్ల సంగతికొస్తే, వద్దు తమ్ముడూ. పైన బటన్ నిండుగా ఉన్నా లోపల ఏం పంక్చర్లు వేశారో, గాలి లేకుండా ఎంత దూరం తిప్పారో బయటి నుంచి ఎవరికీ కనపడదు. సైడ్‌వాల్ మీద డాట్ అనే అక్షరాలతో మొదలయ్యే వరుసలో చివరి నాలుగు అంకెలు చూడు. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని అర్థం. ఆరేళ్లు దాటితే మార్చమని చాలా బండ్ల కంపెనీలు చెబుతాయి. ఎండకు, గాలికి రబ్బరు ఎండి పగుళ్లిస్తుంది, నడిపినా నడపకపోయినా. ఈ అంకె కొత్త టైర్లలో కూడా, రిమ్ముకు ఎక్కించకముందే అడిగి చూసుకో.

నీ పాత టైర్లను పారేయకముందు వాటి మీద అరచెయ్యి అడ్డంగా రాసి చూడు. రెండు అంచులూ అరిగి నడుమ మిగిలితే గాలి తక్కువతో తిరిగినట్టు. ఒక్క పక్కే అరిగితే అలైన్‌మెంట్, అంటే చక్రాల వరుస, తప్పినట్టు. అక్కడక్కడా గుంటలు తగిలితే షాకబ్జార్బర్లు పోయినట్టు. సెకండ్ హ్యాండ్ బండి కాబట్టి ఇది తప్పక చెయ్యి. రోగం ఉండగానే కొత్త టైర్లు వేస్తే వాటికీ అదే గతి పడుతుంది. ఒక్క పక్క అరుగుదల కనిపిస్తే అలైన్‌మెంట్ అదే రోజు చేయించు.

ఇంకోటి, 2025 జనవరి నుంచి టెక్సస్‌లో సొంత వాహనాలకు ఏటా చేసే సేఫ్టీ తనిఖీ తీసేశారు. డాలస్ లాంటి కౌంటీల్లో పొగ పరీక్ష మాత్రం ఉంది. టైరు గాడి లోతు చూసేవాళ్లు ఎవరూ లేరు, చట్టం అడిగే 2/32 అంగుళం మాత్రం అలాగే ఉంది. క్వార్టర్ నాణెం తలకిందులుగా గాడిలో పెట్టు. వాషింగ్టన్ తల పైభాగం మొత్తం కనిపిస్తే 4/32 కంటే తక్కువైంది. వానాకాలం నడపాలనుకుంటే అప్పుడే మార్చు, 2/32 దాకా ఆగకు.

వేయించాక ప్రతి 5,000 నుంచి 7,500 మైళ్లకు ముందువి వెనక్కి, వెనకవి ముందుకు మార్పించి రసీదు దాచుకో. ఆ రసీదులు లేకపోతే మైలేజీ వారంటీ ఇవ్వరు. నట్లు టార్క్ రెంచితో బిగించమని చెప్పు, 50 నుంచి 100 మైళ్లు తిరిగాక మళ్లీ బిగుతు చూపించు. టైరు నంబరు కంపెనీ దగ్గర రిజిస్టర్ చేయించు. రేపు రీకాల్ వస్తే ఉత్తరం నీ ఇంటికి రావాలి కదా.

సంఘం ట్రైలర్ టైర్లు ఎస్‌టీ అని వేరే రకం. విడిగా వేగం రాసి లేకపోతే వాటిని 65 మైళ్ల పైన నడపకూడదు. బండి టైర్లు ఎంత కొత్తవైనా ఆ వేగమే నీ హద్దు. అలాగే తొట్టి కింద ఇనుప తాడుకు వేలాడుతున్న స్టెప్నీని ఈ వారమే ఒకసారి దింపి చూడు. పాత పికప్‌లలో ఆ తాడు తుప్పు పట్టి బిగుసుకుపోతుంది, దింపే రాడ్డు ఒక్కోసారి పాత ఓనరు దగ్గరే ఉండిపోతుంది. దాని తేదీ అంకె చదువు, గాలి చూడు, ఆ తాడుకు కాస్త నూనె పట్టించి మళ్లీ ఎక్కించు.