బిల్లు కౌంటర్లో ఫోన్ నంబర్ ఇస్తే ఏం పోతుంది?

బెంగళూరులో పాల ప్యాకెట్ కొన్నా నంబర్ అడుగుతున్నారు, ఇస్తే నష్టమేంటి అన్నది మీ ప్రశ్న.

ఒట్టి నంబర్‌తో పెద్దగా ఏమీ పోదు. చిక్కంతా అది దండలో దారంలా పనిచేయడంతోనే. ఈ నెల షుగర్ టెస్ట్ స్ట్రిప్పులు, వచ్చే నెల పసిపిల్లల డైపర్లు. విడిగా చూస్తే ఉత్త బిల్లులు. ఒకే నంబర్ కింద చేరితే మీ ఇంట్లో షుగర్ ఉందనీ, ఎవరో పురిటికొచ్చారనీ ఊహించేయొచ్చు. డేటా మైనింగ్ అంటే ఇదే, మీరు చెప్పని సంగతి రాబట్టడం. దానికి మీరు ఎప్పుడు ఒప్పుకున్నారు?

మీ వివరాల్లోంచి పేర్లు తీసేస్తాం అంటారు కంపెనీలవాళ్లు గానీ, నాకు నమ్మకం లేదు. పుట్టినతేదీ, జిప్ కోడ్ (మన పిన్ కోడ్ లాంటిది), ఆడా మగా అన్న మూడు వివరాలతోనే అమెరికా జనాభాలో 87 శాతం మందిని విడిగా గుర్తుపట్టొచ్చని 1990 జనగణన ఆధారంగా కంప్యూటర్ శాస్త్రవేత్త లతాన్యా స్వీనీ లెక్కగట్టారు.

గోప్యత ప్రాథమిక హక్కని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. (ఆ కేసు వేసిన జస్టిస్ పుట్టస్వామి ఇక్కడి కర్ణాటక హైకోర్టు రిటైర్డ్ జడ్జే.) 2023లో వచ్చిన డేటా రక్షణ చట్టం ప్రకారం, చెప్పిన పనికి అవసరమైనంత వివరమే తీసుకోవాలి. పాల బిల్లుకు నంబరెందుకు?

మారతహళ్లిలో ఓ షాపులో నేను ఇవ్వనంటే, కౌంటర్లో తెలుగు కుర్రాడు "సిస్టం ఒప్పుకోదు సార్" అన్నాడు. పది సున్నాలు కొట్టి చూడు బాబూ అన్నాను. బిల్లు వచ్చేసింది.