లాజిక్ సర్క్యూట్లకు లాజిసిమ్‌తో మొదలుపెట్టు

తమ్ముడూ, పాలిటెక్నిక్ ల్యాబ్‌లో హాఫ్ యాడర్ (రెండు బిట్లను, అంటే 0 లేదా 1లను కూడే సర్క్యూట్) అర్థం కాలేదు, ఇంట్లో చేసి చూసుకోవడానికి తేలికైన సాఫ్ట్‌వేర్ కావాలన్నావు కదా. లాజిసిమ్ ఎవల్యూషన్ వేసుకో, ఉచితం. హన్మకొండలో మా అక్క కొడుక్కి దీంతోనే నేర్పించాను.

ఒక ఎక్స్‌ఆర్ గేటు, ఒక ఆండ్ గేటు పెట్టి, రెండు ఇన్‌పుట్‌లనూ రెండింటికీ కలుపు. చెయ్యి బొమ్మ నొక్కి ఇన్‌పుట్‌లు రెండూ 1 చెయ్యి. ఎక్స్‌ఆర్ నుంచి సమ్ (మొత్తం) 0, ఆండ్ నుంచి క్యారీ (పక్క స్థానానికి వెళ్లేది) 1 వస్తాయి. వైరు లేత ఆకుపచ్చగా ఉంటే 1, ముదురు ఆకుపచ్చ అయితే 0. నీలం కనిపిస్తే ఎక్కడో కలపడం మర్చిపోయావని. ఎరుపైతే చాలాసార్లు రెండు అవుట్‌పుట్‌లు ఒకే వైరు మీద కొట్టుకుంటున్నాయని. నన్నడిగితే ఈ రంగులు చదవడం వస్తే సగం పని అయినట్టే.

ఇన్‌స్టాల్ టెన్షన్ వద్దంటే సర్క్యూట్‌వర్స్ ఉంది, బెంగళూరు ట్రిపుల్ ఐటీ విద్యార్థులు మొదలుపెట్టింది. బ్రౌజర్‌లోనే నడుస్తుంది.