ఆసుపత్రి బిల్లు కాదు, బతుకంతటి లెక్క అడుగు

అమ్మా పద్మా,

మీ ఆయన బైకును లారీ గుద్దిన సంగతి చెప్పి నిన్న ఫోనులో నువ్వు ఏడుస్తుంటే నాకు నోట మాట రాలేదు. అందుకే కూర్చుని రాస్తున్నా. ఫోనులో చెప్పింది మర్చిపోతావు, కాగితమైతే దిండు కింద పెట్టుకుని మళ్లీ చూసుకోవచ్చు. 2006లో మీ పెదనాన్న స్కూటరును లారీ గుద్దినప్పుడు నాకిలా రాసేవాళ్లు లేకపోయారు.

అల్లుడికి డి12 దగ్గర, అంటే నడుముకు కాస్త పైన, వెన్నుపూస విరిగిందనీ, నడుం కింద ఏం తెలియడం లేదనీ అన్నావు. "ఎప్పుడు నడుస్తాడు" అని డాక్టరుగారిని రోజూ అడుగుతున్నావట. నేనూ నెల రోజులు అదే అడిగాను. ఎముకకు రాడ్లు వేసి నిలబెడతారు, అది అతుక్కుంటుంది. వెన్నుపాము సంగతి అలా కాదు. కొందరికి కొంత తిరిగొస్తుంది, కొందరికి రాదు, మొదటి వారాల్లో ఎవరూ మాటివ్వలేరు. నువ్వు వేరే ప్రశ్నలు అడుగు. నరం పూర్తిగా దెబ్బతిన్నదా, కొంత మిగిలిందా? మూత్రం గొట్టం ఎన్నాళ్లు? ఇంటికి పంపేముందు నాకేమేం నేర్పుతారు? ఆయన చెప్పింది కేసు షీటులో కూడా రాయమని బతిమాలు. అది వైద్యానికీ పనికొస్తుంది, రేపు కోర్టుకీ పనికొస్తుంది.

రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి, రాత్రయినా సరే. స్పర్శ లేని ఒంటికి నొప్పి తెలియదు, పుండు పడ్డాకే నీకు కనబడుతుంది. నేను మూడు రాత్రులు నిద్రపోయాను, మీ పెదనాన్న వీపు కింద పడిన పుండు మానడానికి ఎనిమిది నెలలు పట్టింది. (పక్కనుంచి ఆయన "ఎయిర్ బెడ్ గురించి రాశావా" అంటున్నారు. రాస్తున్నానండీ.) ఇంకో మాట. హెల్మెట్ ఉన్నా తలకు కూడా దెబ్బ తగిలిందన్నావు. ఊరికే కసురుకోవడం, చెప్పిందే చెప్పడం, నిన్నటి సంగతి గుర్తులేకపోవడం కనిపిస్తే "బాధలో ఉన్నాడులే" అని సరిపెట్టుకోకు. తల గాయం అలాగే బయటపడుతుంది. డాక్టరుకు చెప్పి రాయించు. కాలు కదలకపోతే జడ్జిగారికి కనబడుతుంది, ఇది కనబడదు.

ఇక కేసు. మొదట ఒక పని చెయ్యి. క్యాజువాల్టీలో చేర్చినప్పుడు ప్రమాదం ఎలా జరిగిందని రాశారో చూడు. కంగారులో ఎవరో "బైకు స్కిడ్ అయ్యింది" అంటారు, డ్యూటీలో ఉన్నవాళ్లు అదే రాస్తారు. ఏడాది తరవాత ఇన్సూరెన్స్ వకీలు ఆ ఒక్క వాక్యం పట్టుకుని, "లారీ గుద్దలేదు, తనే పడ్డాడు" అని వాదిస్తాడు. తప్పు రాసి ఉంటే ఇప్పుడే పోలీసులకు నీ వాంగ్మూలంలో చెప్పు, అద్దంకి రోడ్డు మీద చూసినవాళ్ల పేర్లు ఇవ్వు, లారీ నంబరు చెప్పు. ఎఫ్ఐఆర్, ప్రమాదం జరిగిన చోటు గీసిన రఫ్ స్కెచ్, బండిని చూసిన బ్రేక్ ఇన్‌స్పెక్టర్ రిపోర్టు, ఆసుపత్రి గాయాలు రాసిచ్చే ఊండ్ సర్టిఫికెట్, తరవాత చార్జిషీటు, అన్నిటికీ నకళ్లు తీసుకో. 48 గంటల్లో మొదటి ప్రమాద నివేదిక, 90 రోజుల్లో వివరమైన నివేదిక పోలీసులు ట్రైబ్యునల్‌కు (ప్రమాదాల్లో పరిహారం తేల్చే కోర్టుకు) పంపాలని 2022 నుంచి రూలుంది. వాళ్లు పంపుతారులే అని నువ్వు చేతులు కట్టుకుని కూర్చోకు.

ఆ ట్రైబ్యునల్‌లో పరిహారం అడిగే పిటిషన్‌కు ప్రమాదం జరిగిన రోజు నుంచి ఆరు నెలల గడువు. 2022 ఏప్రిల్ 1 నుంచి చట్టంలో అలా ఉంది, మా రోజుల్లో గడువే లేదు. ఆలస్యమైనా తీసుకుంటారని ఎవరైనా అంటే విని ఊరుకో, నువ్వు మాత్రం మూడో నెలలోనే వేయించు. వడ్డీ కూడా పిటిషన్ వేసిన రోజు నుంచే లెక్కకొస్తుంది. ప్రమాదం జరిగిన చోటికే వెళ్లాలని లేదు, నువ్వు కాపురం ఉండే చోటి ట్రైబ్యునల్‌లోనూ వెయ్యొచ్చు. డ్రైవరు, లారీ ఓనరు, ఇన్సూరెన్స్ కంపెనీ, ముగ్గురినీ పార్టీలు చేస్తారు. తప్పు ఎవరిదో నిరూపించక్కర్లేకుండా రెండున్నర లక్షలు వచ్చే దారి ఒకటుంది. త్వరగా వస్తుందని ఎవరో ఒకరు నీకు చెప్తారు. ఇంత గాయానికి ఆ దారి పట్టకు.

ఇప్పుడు నేను చేసిన తప్పు. మా పిటిషన్‌లో ఆసుపత్రి బిల్లులు, మందులు, కొంచెం "నొప్పి, బాధ" రాశారు, అంతే. రెండేళ్లకు లోక్ అదాలత్‌లో, అంటే రాజీ కుదిర్చే కోర్టులో, నాలుగున్నర లక్షలు అన్నారు. అప్పులవాళ్లు గుమ్మంలో ఉన్నారు, సంతకం పెట్టాను. అక్కడ రాజీ పడితే మళ్లీ అప్పీలు ఉండదని సంతకం పెట్టాకే తెలిసింది. మూడేళ్లలో ఆ డబ్బు అయిపోయింది. మీ పెదనాన్నకు ఇరవై ఏళ్లుగా నడక లేదు. లోక్ అదాలత్ చెడ్డదనను, చిన్న గాయాలకు మంచిదే. ముందు నీ లెక్క నీ దగ్గర ఉంటే, వాళ్లు చెప్పే అంకె ఎంత తక్కువో నీకే తెలుస్తుంది.

లెక్క ఇలా. అల్లుడికి 34 ఏళ్లు, టైల్స్ పనిలో నెలకు 18,000 అనుకుందాం. నలభై లోపు సొంత పని చేసుకునేవాళ్లకు ముందు ముందు పెరిగే సంపాదన కింద 40 శాతం కలపమని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. అప్పుడు 25,200. ఏడాదికి 3,02,400. దాన్ని వయసును బట్టి ఒక అంకెతో గుణిస్తారు, మల్టిప్లయర్ అంటారు, 31 నుంచి 35 ఏళ్ల వాళ్లకు అది 16. మొత్తం 48,38,400. ఇది సంపాదన పోయినందుకే. ప్రాణం పోయిన కేసుల్లోలా సొంత ఖర్చని ఇందులో కోత పెట్టకూడదు, మనిషి ఉన్నాడు, తింటాడు. దీనిమీద వైద్యం, ఇకముందు అయ్యే వైద్యం, బాధ, కోల్పోయిన సుఖం విడివిడిగా వేస్తారు.

సర్టిఫికెట్‌లో 75 శాతం వైకల్యం అని ఉంటే, సంపాదనలోనూ 75 శాతమే పోయిందని అవతలివాళ్లు అంటారు. ఒప్పుకోకు. శరీరానికి ఎంత శాతం అన్నది వేరు, ఆ మనిషి చేసే పనికి ఎంత అన్నది వేరు అని 2010లోనే సుప్రీంకోర్టు విడదీసి చెప్పింది. చెయ్యి పోయిన గుమాస్తా ఉద్యోగం నిలవచ్చు, చెయ్యి పోయిన వడ్రంగి బతుకు నిలవదు. గొంతుక్కూర్చుని టైల్స్ వేసే మనిషికి కాళ్లు రెండూ పోతే పోయింది నూటికి నూరు. ఇది చెప్పడానికి సర్టిఫికెట్ ఒక్కటీ చాలదు, వైద్యం చేసిన డాక్టరుగారు వచ్చి సాక్ష్యం చెప్పాలి. ఆయనతో మంచిగా ఉండు.

మంచాన పడ్డ మనిషికి చేసే చాకిరీ లెక్క కూడా వదలకు. "భార్య చేసుకుంటుంది కదా" అంటారు. తలకు దెబ్బ తగిలి మంచానికే పరిమితమైన 12 ఏళ్ల పాప కేసులో 2020లో సుప్రీంకోర్టు ఇద్దరు మనుషులకు నెలకు 5,000 చొప్పున, 18 మల్టిప్లయర్‌తో, 21,60,000 వేసింది. నీకు నెలకు 8,000 అనుకున్నా 16తో 15,36,000 అవుతుంది. నేను ఇరవై ఏళ్లు ఊరికే చేశాను, ఎవరూ అడగమని చెప్పలేదు.

సంపాదనకు రుజువు ఏదని అడుగుతారు. జీతం స్లిప్పు లేకపోతే ఏమైంది, ఫోన్‌పే రికార్డు ఉంది, బ్యాంకు పుస్తకం ఉంది, పని ఇచ్చిన మేస్త్రి సాక్ష్యం ఉంది, వేసిన ఇళ్ల ఫొటోలు ఫోనులో ఉన్నాయి. ఈ రోజు నుంచే ఒక నోటుబుక్కు పెట్టు. ఆటో, డైపర్లు, దూది, ఫిజియోథెరపీ, పాలు, పండ్లు, అన్నీ తేదీతో రాయి. బిల్లుల మీది ఇంకు ఆరు నెలల్లో ఎగిరిపోతుంది, జిరాక్సు తీయించు.

ఆసుపత్రి వరండాలో ఫైలు పట్టుకుని తిరిగే మనుషులు నీ దగ్గరికి ఇప్పటికే వచ్చి ఉంటారు. వచ్చిన దాంట్లో ఇరవయ్యో ముప్పయ్యో పర్సెంట్ అంటారు. వకీలు గెలిచిన డబ్బులో వాటా మాట్లాడుకోకూడదని బార్ కౌన్సిల్ రూలే ఉంది, అయినా అందరూ అడుగుతారు. వేరే లారీ నంబరు పెడదామని కూడా ఒకడు అంటాడు. వాణ్ని గుమ్మం ఎక్కనివ్వకు, అసలు కేసే పోతుంది, నీ మీదే కేసు పడుతుంది. కోర్టు ఆవరణలోనే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది, ఆడవాళ్లకీ వికలాంగులకీ ఉచితంగా వకీలును పెడతారు. కనీసం వెళ్లి అడుగు.

ప్రమాదమైన మొదటి ఏడు రోజుల్లో లక్షన్నర దాకా డబ్బు కట్టకుండా వైద్యం చేసే కేంద్రం స్కీము 2025 మే నుంచి ఉంది. అల్లుడికి అది వాడారో లేదో బిల్లింగ్ కౌంటరులో అడుగు. ఇంటికొచ్చాక సదరం సర్టిఫికెట్, అంటే వైకల్యం ఎంతో ప్రభుత్వ డాక్టర్లు రాసిచ్చేది, తీసుకుంటే, మన ఆంధ్రలో వీల్‌చెయిర్‌కో మంచానికో పరిమితమైనవాళ్లకు నెలకు 15,000 పింఛను వస్తుంది.

డాక్టరుగారు సరే అన్నాక వీలైతే వెల్లూరు సీఎంసీ ఆసుపత్రి రిహాబ్‌కి తీసుకెళ్లు, ఇలాంటివాళ్లకు మళ్లీ తమ పనులు తాము చేసుకోవడం నేర్పే చోటది. దాన్ని పెట్టిన డాక్టరు మేరీ వర్గీస్ 1954లో రోడ్డు ప్రమాదంలో తనకే నడుం కింద చచ్చుబడినా, చక్రాల కుర్చీలోంచే ఆపరేషన్లు చేసిన మనిషి. మీ పెదనాన్న మంచం దిగి కుర్చీలోకి తనంతట తాను మారడం అక్కడే నేర్చుకున్నారు. ఇప్పుడు వరండాలో కూర్చుని ఊళ్లో మిక్సీలన్నీ బాగుచేస్తున్నారు, నాతో గొడవపెట్టుకుంటున్నారు.

బుధవారం మొదటి బస్సుకు వస్తాను. నీ గొలుసు తాకట్టు పెట్టకు, నా దగ్గర కొంచెం ఉంది. ఎవరెన్ని చెప్పినా నేను వచ్చేదాకా వకాలత్తు మీద, అంటే వకీలుకు కేసు అప్పగించే కాగితం మీద, సంతకం పెట్టకు. పాత ఎయిర్ బెడ్ మోటారు తెస్తున్నా, మీ పెదనాన్న నిన్న విప్పి నూనె వేశారు, బాగానే తిరుగుతోంది.

మీ పెద్దమ్మ