టెక్ సందేహాలు: సెల్ఫ్ కొడితే ఫిష్ ఫైండర్ ఆరిపోతోంది, మార్చాలా?

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మన తీరంలో వేటకు విరామం. వలలు బాగుచేసుకునే ఆ 61 రోజుల్లోనే బోటు వైరింగు కూడా చూసుకుంటారు. అందుకేనేమో, ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఫిష్ ఫైండర్లవే (నీటిలోకి ధ్వని పంపి, ప్రతిధ్వనిని బట్టి చేపల్ని తెర మీద చూపే మెషిన్లు) ఎక్కువ.

మాది ఫైబర్ బోటు, డీజిల్ ఇంజిన్. నిరుడు 7 అంగుళాల ఫిష్ ఫైండర్ పెట్టించాం. సెల్ఫ్ కొట్టినప్పుడల్లా తెర ఆరిపోయి మళ్లీ మొదటినుంచి ఆన్ అవుతోంది. ఫ్యూజు రెండుసార్లు పోతే మెకానిక్ పెద్దది వేశాడు. అమ్మినవాళ్లు మెషిన్ మార్చుకోమంటున్నారు. ఏం చేయాలి? – ఒక పాఠకుడు, కాకినాడ

డబ్బులు జేబులోనే ఉంచండి. మీరు చెప్పిన లక్షణాలన్నీ వైరింగువే.

ఇంజిన్‌ను తిప్పే స్టార్టర్ మోటారు ఆ రెండు మూడు సెకన్లలో వందల ఆంపియర్లు లాగేస్తుంది. నిండుగా 12.6 వోల్టులున్న బ్యాటరీ కూడా ఆ దెబ్బకు 10 దగ్గరికి జారుతుంది. చాలా ఫిష్ ఫైండర్లు 10 కిందకు దిగితే నిలబడలేవు. ఆరిపోయి, వోల్టేజి కోలుకోగానే మళ్లీ లేస్తాయి.

ముందు ఒక పరీక్ష చేయండి. మెషిన్ ఆన్‌లో ఉంచి, మల్టీమీటరు పుల్లలు దాని కరెంటు ప్లగ్గు దగ్గర పెట్టి, మీవాళ్లను సెల్ఫ్ కొట్టమనండి. మెషిన్ ఆపి కొలిస్తే ఉపయోగం లేదు. కరెంటు పారనప్పుడు ఎంత కుళ్లిన వైరైనా 12.6 చూపించి నమ్మిస్తుంది. ఇదే పని బ్యాటరీ టెర్మినళ్ల మీద కూడా చేయండి. బ్యాటరీ దగ్గరే 9.5కి పడిపోతే బ్యాటరీ ముసలిదైంది, లేదా దాని మీద మోయలేనంత భారం ఉంది. అక్కడ 11 ఉండి ప్లగ్గు దగ్గర 9.5 వస్తే, మధ్యలో ఒకటిన్నర వోల్టు తినేస్తున్నది మీ వైరు, దాని అతుకులు. నా అనుభవంలో నూటికి తొంభైసార్లు తేలేది ఈ రెండోదే.

ఆ వైరు ఎక్కడినుంచి వస్తోందో పట్టుకుని వెతకండి. సాధారణంగా లైట్ల స్విచ్చు వెనకో, స్టార్టర్ తాళం దగ్గరో కనిపించిన ప్లస్‌కు మెలిపెట్టి నల్ల టేపు చుట్టి ఉంటారు. ఆ టేపు ఊడదీయండి. లోపల ఎర్రగా మెరవాల్సిన రాగి నల్లబడి, పైన ఆకుపచ్చ పొడి రాలుతుంటే అదే చిలుము. ఉప్పునీరు టేపు కింద చేరి అక్కడే నిలిచిపోతుంది. తొడుగు మరో రెండంగుళాలు ఒలిచి చూడండి, లోపలి తీగలు అక్కడా నల్లగానే ఉంటాయి. నీరు వైరు లోపల్లోపలే పాకుతుంది. చివర కత్తిరించి మళ్లీ మెలిపెడితే నెల తిరక్కుండా కథ మొదటికొస్తుంది. మంచి రాగి తగిలేదాకా కొయ్యండి, లేదా వైరే మార్చేయండి.

కొత్తగా వేసేటప్పుడు బ్యాటరీ నుంచి మెషిన్‌కు సొంతంగా రెండు వైర్లు లాగండి. మైనస్ కూడా బ్యాటరీ దాకా వెళ్లాలి. దాన్ని ఇంజిన్ బాడీకి తగిలించి ఊరుకోవద్దు. వైరు మందం ఎంతంటే: మీ బ్యాటరీ నుంచి మెషిన్‌కు 6 మీటర్లనుకుందాం, రానూపోనూ 12. 2 ఆంపియర్లు పారితే అర స్క్వేర్ ఎంఎం సన్న వైరులో దాదాపు 0.85 వోల్టు కరిగిపోతుంది. రెండున్నర వైరులో పోయేది 0.18 మాత్రమే. ధరలో తేడా ఒక పూట ఐసు ఖర్చంత కూడా ఉండదు, రెండున్నరే వేయండి. ఒంటి తీగ ఇంటివైరు వద్దు, ఇంజిన్ అదురుకు విరుగుతుంది. సన్నని తీగలు ఎక్కువగా ఉన్నది, దొరికితే తగరం పూత ఉన్నది తీసుకోండి. అతుకులకు లగ్గు (వైరు చివర బిగించే లోహపు ముక్క) పెట్టి గట్టిగా నొక్కించి, వేడికి జిగురు కరిగే స్లీవు ఎక్కించండి. ఒట్టి సోల్డరు వేస్తే వైరు ఆ చోట పుల్లలా బిగుసుకుని, అదురుకు సోల్డరు అంచు దగ్గరే తెగుతుంది.

ఇక ఫ్యూజు. మీ ఉత్తరంలో నన్ను భయపెట్టింది ఇదే. ఫ్యూజు ఉన్నది ప్రధానంగా వైరు కాలిపోకుండా ఆపడానికి. రెండుసార్లు పోయిందంటే ఎక్కడో వైరు అంచుకు రాసుకుని తొడుగు చిరిగిందో, ప్లగ్గులో తడి చేరిందో అని అర్థం. దాన్ని వెతక్కుండా పెద్దది వేస్తే ఈసారి పోయేది వైరే, అదీ డీజిల్ డబ్బాల పక్కన. ఒకసారి హార్బర్‌లో ఒక బోటు ఎక్కి చూస్తే, ఫ్యూజు గొట్టానికి సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం చుట్టి ఉంది. ‘అయిదేళ్లనుంచి పోలేదండీ’ అన్నాడు డ్రైవరు గర్వంగా! మెషిన్ పుస్తకంలో ఎంత రాసి ఉంటే అంతే వేయండి. చిన్న మెషిన్లకు చాలావరకు 3 ఆంపియర్లు ఉంటుంది. అది ప్లస్ వైరు మీద, బ్యాటరీకి జానెడు లోపే ఉండాలి. మెషిన్ పక్కన పెడితే మధ్యలోని 6 మీటర్లకు కాపలా ఉండదు.

ఇవన్నీ చేశాక కూడా సెల్ఫ్ దగ్గర ఆరుతుంటే మెషిన్‌కు వేరే చిన్న బ్యాటరీ పెట్టండి. 1 ఆంపియర్ చొప్పున 12 గంటల వేటకు 12 ఆంపియర్ అవర్లు కావాలి. సీసం బ్యాటరీని సగానికి మించి వాడకూడదు కాబట్టి 26 తీసుకోండి. రెండు బ్యాటరీలనూ ఊరికే వైరుతో కలిపేయొద్దు, సెల్ఫ్ కొట్టినప్పుడు రెండూ కలిసే పడతాయి. మధ్యలో రెంటినీ విడదీసి ఉంచే ఐసొలేటర్ ఉండాలి.

ఇంజిన్ ఆన్ చేస్తే తెర నిండా చుక్కలు, నిలువు గీతలు. ఇంజిన్ ఆపితే శుభ్రంగా ఉంటుంది. – ఒక పాఠకుడు, నిజాంపట్నం

గేరు న్యూట్రల్‌లో పెట్టి, బోటు కదలకుండా ఇంజిన్ వేగం పెంచండి. గీతలు కూడా పెరిగితే అది కరెంటు గోల. న్యూట్రల్‌లో బాగానే ఉండి బోటు నడిచినప్పుడే వస్తే అది నీటి గోల: నీటిలోకి ధ్వని పంపి ప్రతిధ్వనిని అందుకునే ట్రాన్స్‌డ్యూసర్ కింద బుడగలు చేరుతున్నాయి. దాన్ని కాస్త కిందకు దించాలి, లేదా ఫ్యాను (ప్రొపెల్లర్) సుడికి దూరంగా జరపాలి.

కరెంటు గోలైతే ముందు చూడాల్సింది ట్రాన్స్‌డ్యూసర్ కేబుల్‌ను. అందంగా ఉంటుందని ఇంజిన్ వైర్లతో కలిపి ఒకే కట్టగా కట్టేస్తారు. నీటి అడుగునుంచి తిరిగొచ్చే ప్రతిధ్వని ఆ కేబుల్‌లో అతి బలహీనమైన సంకేతంగా వస్తుంది. పక్కన ఆల్టర్నేటర్ (బ్యాటరీని ఛార్జ్ చేసేది) వైరు ఉంటే దాని చప్పుడే దీనికీ అంటుతుంది. వేరే పక్కనుంచి తీసుకురండి, మిగిలింది కత్తిరించకుండా వదులుగా చుట్టి కట్టండి. తర్వాత ఎల్ఈడీ లైట్లు, ఫోన్ ఛార్జర్ ఒక్కొక్కటే ఆపి చూడండి. చవకరకం ఎల్ఈడీలు ఈ విషయంలో ఇంజిన్ కన్నా అల్లరివి. అప్పుడప్పుడు దొంగ పక్క బోటులో ఉంటాడు. ఇద్దరూ 200 కిలోహెర్ట్జ్‌లోనే నడుపుతూ దగ్గరగా ఉంటే అతని చప్పుడు మీ తెర మీద గీతలవుతుంది. మీరు 50కి మార్చి చూడండి.

డాలస్‌లో ఉంటాను. వారాంతాల్లో లేక్ లూయిస్‌విల్‌లో కయాక్ మీద చేపలు పడతాను. 5 అంగుళాల ఫిష్ ఫైండర్‌కు లిథియం బ్యాటరీ మంచిదా, సీసందా?

కయాక్ కాబట్టి లిథియమే, కాకపోతే ఐరన్ ఫాస్ఫేట్ రకం. 7 ఆంపియర్ అవర్ల సీసం బ్యాటరీతో పోలిస్తే బరువు సగానికి లోపే. మీ మెషిన్ అర ఆంపియర్ లాగినా లెక్క ప్రకారం 14 గంటలు వస్తుంది. మామూలు లిథియం అయాన్ నాలుగు సెల్స్ కట్ట మాత్రం నిండితే 16.8 వోల్టులు చేరుతుంది. మెషిన్ పుస్తకం ఒప్పుకుంటేనే పెట్టండి. ఇంకో సంగతి, ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ చివరిదాకా 13 వోల్టుల దగ్గరే నిలబడి ఒక్కసారిగా చేతులెత్తేస్తుంది. తెర మీద వోల్టేజి చూసి ‘ఇంకా చాలా ఉంది’ అనుకోకండి, గంటలు లెక్కపెట్టుకోండి. ఛార్జర్ కూడా దానికి తగినదే కావాలి. చలికాలంలో గరాజ్‌లో సున్నా డిగ్రీల సెల్సియస్ కింద ఛార్జింగ్ పెట్టొద్దు.

చేపల చెరువులో ఎన్ని చేపలున్నాయో ఫిష్ ఫైండర్‌తో లెక్కపెట్టవచ్చా? – ఒక రైతు, కైకలూరు

కొనకండి. మెషిన్ పంపే 20 డిగ్రీల ధ్వని కిరణం ఒకటిన్నర మీటర్ల లోతులో చూసేది సుమారు అర మీటరు వెడల్పు వలయాన్నే. ఎకరాల చెరువులో అది గరిటెడు. ఒకే చేప రెండుసార్లు ఈదుకుంటూ వెళ్తే రెండు చేపలు. రొయ్యలైతే అసలే కష్టం. మెషిన్‌కు చేప బాగా కనిపించేది దాని కడుపులోని గాలితిత్తి వల్ల, రొయ్యకు అది లేదు. చెక్ ట్రే, విసురువల ఉన్నాయిగా, వాటితోనే చూసుకోండి.