నవల రాసేవారి ప్రశ్నలు: 1930 నాటి గుంటూరులో ఒక గుట్టు

ప్రశ్న: 1929-30 నాటి గుంటూరు నేపథ్యంగా నెమ్మదైన ప్రేమకథ రాస్తున్నాను. కథానాయిక బాలవితంతువు, చదువు రాదు, మేనమామ ఇంట్లో ఉంటుంది. బెజవాడ నుంచి ఒకతను ఆమెకు నెలనెలా ఐదు రూపాయలు మనియార్డరు పంపుతుంటాడు. ఈ గుట్టు పెట్టెలో దాచిన ఉత్తరం వల్ల బయటపడితే బాగుంటుందా? (పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు)

జవాబు: పెట్టెలో ఉత్తరం వద్దండీ, అది బాగా అరిగిపోయిన దారి. మనియార్డరులోనే మీకు కావలసినదంతా ఉంది. పోస్టుమాన్ పట్టపగలు ఇంటికొచ్చి, పేరు పెట్టి పిలిచి, డబ్బు చేతికిస్తాడు. తీసుకున్నవాళ్లు సంతకం చేయాలి. చదువు రానివాళ్లయితే వేలిముద్ర వేయాలి, దానికి ఇంకొకరు సాక్షి సంతకం పెట్టాలి. అంటే మీ కథలో గుట్టు ఇద్దరిది కానే కాదు. పోస్టుమాన్‌కు తెలుసు, సాక్షికి తెలుసు, బెజవాడ పోస్టాఫీసు గుమాస్తాకూ తెలుసు. నెలనెలా సాక్షి సంతకం పెట్టి నోరు మెదపని ఆ మనిషెవరో ముందు తేల్చుకోండి. మా దృష్టిలో మీ నవలకు ఇరుసు ఆ పాత్రే. మేనత్తయితే ఇంటిపరువు ఒకవైపు, పిల్ల మీద జాలి ఒకవైపు లాగుతాయి. పక్కింటి పంతులుగారైతే కథ ఇంకో దారి పడుతుంది.

అప్పటి మనియార్డరు ఫారం అడుగున పంపినవాళ్లు నాలుగు మాటలు రాసుకునే చీటీ ఉండేది. అది ఆమె దగ్గరే ఉండిపోతుంది. డబ్బు ముట్టినట్టు రసీదు మాత్రం పంపినవాడికి తిరిగి వెళుతుంది. ఉన్నవ లక్ష్మీనారాయణ, లక్ష్మీబాయమ్మ దంపతులు 1922లో గుంటూరులో ఆడవాళ్ల చదువు కోసం శారదా నికేతనం పెట్టారు. మీ కథానాయికను అక్కడికి పంపించి అక్షరాలు నేర్పించండి. ఒక నెల బెజవాడలో అతని చేతికి రసీదు వస్తుంది. ఎప్పుడూ వేలిముద్ర ఉండే చోట వంకరటింకర అక్షరాల సంతకం కనిపిస్తుంది. సాక్షి గడి ఖాళీగా ఉంటుంది. వాళ్లిద్దరి మధ్య ఒక్క మాట లేకుండా ఆ ప్రకరణం నడిపించవచ్చు. ఆమె ఆ సంతకం పెట్టిన రోజే గుంటూరులో సాక్షికి ఇక తన అవసరం లేదని అర్థమవుతుంది. గుట్టు రట్టయ్యేది అక్కడి నుంచే.

ఉత్తరాలు కూడా రాయించదలిస్తే, అప్పట్లో కార్డు అర్ధణా, కవరు అణా. కార్డు మీద రాసింది దారిలో ఎవరైనా చదవొచ్చు. అలాగని కవరు వస్తే, ‘కార్డు చాలదా, కవరెందుకు?’ అని ఇంట్లోనే ఆరా మొదలవుతుంది. కవరు వెనక చేరిన ఊరి పోస్టాఫీసు ముద్ర, తేదీతో సహా పడుతుంది. ఉత్తరం ఎప్పుడొచ్చిందో దాచడం కుదరదు.

మేనమామ బాధ్యతల వైపు నుంచి కథకు బలం కావాలంటే బాల్యవివాహాలను అడ్డుకోవడానికి తెచ్చిన శారదా చట్టం వాడుకోండి. 1929లో చేసిన ఈ చట్టం 1930 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. ఆడపిల్లకు 14, మగపిల్లవాడికి 18 ఏళ్లు నిండాలంది. ఆ గడువులోపే కానిచ్చేయాలని దేశమంతటా చిన్నపిల్లల పెళ్లిళ్లకు తొందరపడ్డారు. మేనమామ తన కూతురి పెళ్లి హడావిడిలో ఉండగా మేనకోడలి సంగతి బయటపడితే, ఆయన కోపానికి కారణం ఉంటుంది. ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. ఆ చట్టం పెళ్లి చేసినవాళ్లను శిక్షించింది కానీ, జరిగిన పెళ్లిని రద్దు చేయలేదు. ముహూర్తం పెట్టే ముందు శుక్ల నామ సంవత్సరపు పంచాంగంలో మూఢం ఎప్పుడుందో చూసుకోండి. మూఢంలో పెళ్లి చేయిస్తే పెద్దవాళ్లు అక్కడే పుస్తకం మూసేస్తారు.

ప్రశ్న: నా కథ కూడా ఆ కాలానిదే. నాయకుడు బెజవాడ నుంచి సైకిల్ మీద బ్యారేజీ దాటి గుంటూరు వస్తాడు. సరేనా? (పాఠకుడు, గవర్నర్‌పేట, విజయవాడ)

జవాబు: కుదరదు. ప్రకాశం బ్యారేజీ 1957లో వచ్చింది. అంతకుముందు అక్కడున్నది పాత ఆనకట్ట. రైలెక్కించండి, లేదా పడవలో కృష్ణ దాటించండి. నయాపైసలు కూడా 1957 ఏప్రిల్ నుంచే. మీ నాయకుడి జేబులో అణాలు, బేడలు, పావలాలు ఉండాలి. రూపాయికి 16 అణాలు, అణాకు నాలుగు కానులు.

ప్రశ్న: గుట్టును పాఠకుడికి చివరిదాకా చెప్పకూడదా? (పాఠకురాలు, పటమట, విజయవాడ)

జవాబు: ఇలాంటి నవలలో చెప్పేయడమే మంచిది. 30 ప్రకరణాలుంటే ఏడెనిమిదో ప్రకరణానికల్లా పాఠకుడికి తెలిసిపోవాలి. అక్కడి నుంచి ‘పాపం, ఈవిడకు ఇంకా తెలియదే’ అన్న బెంగే పేజీలు తిప్పిస్తుంది. ఒక కాగితం మీద పాత్రల పేర్లు వరుసగా రాసి, ఎవరికి ఏ ప్రకరణంలో, ఎవరి నోట తెలిసిందో ఎదురుగా రాసుకోండి. లేకపోతే పదో ప్రకరణంలో విన్న మనిషి పదిహేనులో మళ్లీ నివ్వెరపోతుంది. అప్పటి మాటతీరు, ధరలు పట్టుబడాలంటే వేటపాలెం సారస్వత నికేతనం గ్రంథాలయంలో పాత పత్రికలు తిరగేయండి. వార్తల కంటే ముందు ప్రకటనలు చదవండి.